ఆవాస సమేతంగా బదిలీ

బదిలీల మీద నిషేధం ఉన్న రోజుల్లో ఒక పేనుకు బదిలీ అయింది. నమ్మకపోతే మానండి గాని, పూర్తిగా విన్నాక మానండి.

కథ ఒక పటంతో మొదలైంది. కీటక సమతుల్యాభివృద్ధి సంస్థ డైరెక్టరు త్రివిక్రమేశ్వరరావు గారి గదిలో ఆ పటాన్ని గోడకు తగిలించారు. జిల్లాలో ఏ మండలంలో ఎన్ని రకాల పురుగులు బతుకుతున్నాయో రంగులేసి చూపించే పటం అది. కొండల మీది మండలాలన్నీ చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి. సముద్రపొడ్డు మండలాలన్నీ పాత పంచె మాదిరి వెలిసిపోయి ఉన్నాయి. డైరెక్టరు గారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు. ఎలా చూసినా ఆయనకు అన్యాయమే కనిపించింది.

"ఇదేమిటయ్యా! దుప్పిగెడ్డ మండలంలో సీతాకోకచిలుకలే లెక్కకు అందనన్ని రకాలా? పెసర్లరేవు మండలంలో ఈగా దోమా తప్ప చెప్పుకోదగ్గ పురుగే లేదా? స్వతంత్రం వచ్చి ఇన్నేళ్ళయినా ఈ ప్రాంతీయ అసమానతలేమిటి?"

పక్కనే ఉన్న శాస్త్రవేత్త కుసుమహర గారు పురుగుల మీద పరిశోధన చేసి చేసి మనుషులతో మాట్లాడడం కాస్త మరిచిపోయిన మనిషి. ఆయన నెమ్మదిగా విప్పి చెప్పబోయాడు. "కొండమీద వానెక్కువండి. చల్లగా ఉంటుందండి. ఎత్తు మారినకొద్దీ చెట్లు మారతాయి. చెట్టు మారితే దాన్ని తినే పురుగు మారుతుంది. ఒడ్డునేమో ఉప్పుగాలి, ఇసక, మాడ్చేసే ఎండ. అందువల్ల ఏ పురుగు తనకు సరిపడ్డ చోట అది..."

"ఆగండి. వాన మన శాఖ కింద ఉందా?"

"లేదండి."

"ఎండ?"

"లేదండి."

"పురుగులు?"

"ఉన్నాయండి."

"మరైతే వాటినే కదుపుదాం" అన్నారు డైరెక్టరు గారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చేసింది. 'జిల్లాలోని మిగులు కీటకాలను లోటు మండలములకు హేతుబద్ధముగా సర్దుబాటు చేయుటకు ఇందుమూలముగా ఆదేశించడమైనది. మనుషుల బదిలీలపై నిషేధము యథాతథముగా కొనసాగును.'

ఆ ఆఖరి వాక్యం దగ్గరే దుప్పిగెడ్డ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు పైడంనాయుడి గుండె చెరువైంది.

పైడంనాయుడు మంచివాడు. పొట్టీ పొడుగూ కాని మనిషి. నడినెత్తిన జుట్టు పలచబడ్డా, చుట్టూ మాత్రం దట్టంగా ఉండేది. ఉద్యోగం కొండమీద దుప్పిగెడ్డలో, భార్య సత్యవేణి ఉద్యోగం కింద సముద్రపొడ్డున పెసర్లరేవు బడిలో. ఆవిడ ఆ బడికి ప్రధానోపాధ్యాయిని. పెళ్ళినాటి నుంచీ ఇంతే. ఆయనకు సెలవు దొరికినప్పుడు ఆవిడకు పరీక్షలు, ఆవిడకు సెలవులిచ్చినప్పుడు ఈయనకు తనిఖీలు. ఇద్దరూ కలిసి కాపరం చేసిన రోజులకన్నా బస్టాండులో ఒకరినొకరు సాగనంపుకున్న రోజులే ఎక్కువ. బదిలీ కోసం ఈయన పెట్టుకున్న అర్జీలన్నీ కలిపి కుడితే దుప్పటి అయ్యేది.

ఆ సాయంత్రం సత్యవేణి ఫోన్ చేసింది.

"ఏటండీ, ఏదో బదిలీల ఉత్తర్వు వొచ్చిందంట గదా! మీ పేరుందేటి?"

"నా పేరు లేదే. పురుగులకి."

"ఏటి?"

"పురుగులకే బాబూ. మిడతకుంది, తుమ్మెదకుంది, పేడపురుక్కి కూడా ఉంది. నాకే లేదు."

ఆవిడ అంది: "పోనీ, ఆ పేడపురుగు మాటైనా చెప్పండి, ఎప్పుడొస్తాదో. దానికైనా ఇంత వండి పెడతాను."

అన్నది నవ్వుతూనే. కాని ఫోన్ పెట్టేశాక పైడంనాయుడు ఆ రాత్రి అన్నం కెలికి వదిలేశాడు.

పురుగుల బదిలీలు మన బదిలీల పద్ధతిలోనే జరిగాయి, ఎందుకంటే సంస్థకు ఇంకో పద్ధతి తెలీదు. ముందు ఒకే చోట ఎక్కువకాలం పనిచేసినవాటిని పైకి తీశారు. చెదపురుగు మొదటి స్థానంలో నిలిచింది, రికార్డు గదిలో దాని సేవ తాతల నాటిది. ఒక్కపూట బతికి చచ్చిపోయే వానపురుగులకు కనీస సర్వీసు లేదని తోసిపుచ్చారు. ఆలుమగలు ఒకే చోట ఉండాలన్న కోటా కింద గొల్లభామ జంటను పంపబోతే, ఆ జాతిలో పెళ్ళాం మొగుణ్ణి తినేస్తుందని కుసుమహర గారు గుర్తుచేశాడు. మొగపురుగు నుంచి అభ్యంతరం లేదని రాతపూర్వకంగా తీసుకురమ్మన్నారు డైరెక్టరు గారు. తేనెటీగల ఫైలైతే ఇప్పటికీ తేలలేదు. రాణీగారొక్కరే, భర్తలు చాలామంది, ఏ భర్త పనిచేసే ఊరికి పంపాలో స్పష్టత కోరుతూ పైకి రాశారు.

తీసుకెళ్ళి దింపే పని పైడంనాయుడి మీద పడింది. అది విని ఆయన లోపల ఎగిరి గంతేశాడు. పెసర్లరేవుకి ప్రభుత్వ జీపులో, డ్యూటీ మీద వెళ్ళడం! సీతాకోకచిలుకల్ని దోమతెర పెట్టెల్లో సర్ది, పెట్టెల మీద తడిగుడ్డ కప్పి, దారిపొడుగునా వాటితో మంచిగా మాట్లాడుతూ తీసుకెళ్ళాడు.

పెసర్లరేవులో తలుపు తీయగానే వేడిగాలి మొహాన కొట్టింది. సీతాకోకచిలుకలు రెక్కలు ముడుచుకున్నాయి. వాలడానికి తెలిసిన చెట్టు లేదు, తాగడానికి తెలిసిన పువ్వు లేదు. ఎదురుగా ఇసక మీద బెస్తవాళ్ళ ఎండుచేపలు ఆరుతున్నాయి. ఒక పెద్ద నల్లరెక్కల చిలుక చేపల మీద వాలి, వాసన చూసి, లేచి మళ్ళీ జీపులోకొచ్చి కూర్చుంది. దాని వెనక తక్కినవి.

సత్యవేణి ఇచ్చిన చారన్నం తిని, రెండు మాటలు మాట్లాడుకునేలోపే జీపు డ్రైవరు హారను కొట్టాడు. పైడంనాయుడు ఎన్ని చిలుకల్ని తీసుకెళ్ళాడో దాదాపు అన్నింటినీ వెనక్కి తెచ్చాడు, తనతో సహా.

డైరెక్టరు గారు మండిపడ్డారు. "విధులకు అనధికారికంగా గైర్హాజరు! సంజాయిషీ అడగండి." నోటీసు రాసి దుప్పిగెడ్డలో ఒక పనసచెట్టుకు అంటించారు. గడువు తీరినా ఒక్క చిలుకా జవాబివ్వలేదు. నోటీసును మాత్రం గొంగళిపురుగులు తిన్నాయి. దాన్ని 'నోటీసు స్వీకరించబడినది' అని రాసుకున్నారు.

సమీక్షా సమావేశంలో కుసుమహర గారు మళ్ళీ మొదలెట్టాడు. "పురుగొక్కదాన్నే తీసుకెళ్తే ఉండదండి. దాని చెట్టు, దాని నీడ, దాని తడి, అన్నీ ఉంటేనే ఉంటుంది. దాన్ని ఆవాసం అంటారండి."

డైరెక్టరు గారి మొహం వెలిగింది. ఆయనకు అర్థమైన మొదటి మాట అది. "ఆవాసం! ఆవాసం లేని కీటకం కుర్చీ లేని అధికారితో సమానం. రాసుకోండి. ఇకమీదట ఏ కీటకమునూ ఆవాసము లేకుండా బదిలీ చేయరాదు. కీటకము ఎక్కడికో ఆవాసమూ అక్కడికే. దీనికి ఏ ఇతర నిషేధమూ అడ్డు రాదు."

దాంతో కొండ దిగడం మొదలైంది. మత్తిచెట్లు వేళ్ళతో సహా లారీలెక్కాయి. నాచు పట్టిన బండలు గోనెసంచుల్లో దిగాయి. పెసర్లరేవు ఇసకలో పచ్చటి గుడ్డ పందిళ్ళు వేసి, రోజూ పూటపూటకీ గొట్టాలతో సర్కారీ వాన కురిపించారు. ఆ వాన పురుగుల మీద కన్నా బెస్తవాళ్ళ ఎండుచేపల మీద ఎక్కువ పడింది. ఎర్రమ్మ అనే ఆవిడ తట్ట ఎత్తుకుని పైడంనాయుడి మీదకొచ్చింది.

"ఓ నాయుడుబాబూ! మండుటెండలో ఈ వానేటి? మా చేప మళ్ళీ ఈతకొట్టీలాగుంది!"

"నానేటి చేసీది అప్పా, పైనుంచి ఆర్డరు."

"పైనుంచి వొచ్చీ వానకే మేం గొడుగెట్టుకోలేక ఛస్తన్నాం. ఇప్పుడు పక్కనుంచి కూడానా?"

నాలుగు రోజులకు మత్తిచెట్లు ఉప్పుగాలికి మాడాయి. నాచు పొడి అయి ఎగిరిపోయింది. పురుగులు దొరికిన లారీ ఎక్కి కొండమీదికి పోయాయి. పటం మీద పెసర్లరేవు ఎప్పటిలాగే వెలిసిపోయి ఉంది.

ఆఖరి సమీక్ష పెట్టారు. మంత్రిగారికి ఏం చెప్పాలో తెలీక డైరెక్టరు గారు చిందులు తొక్కుతున్నారు. బల్ల చివర కూర్చున్న పైడంనాయుడు తల గోక్కుంటున్నాడు. మొదట ఒక చేత్తో, తర్వాత రెండు చేతులతో. దుప్పిగెడ్డ క్వార్టర్లలో పక్కింటి పిల్లలు ఆయన వీపెక్కి గుర్రం ఆట ఆడేవారు. వాళ్ళ తలల నుంచి ఈయన తలకు కాపరం మార్చుకున్న ప్రాణులు అప్పటికి పిల్లాపాపలతో స్థిరపడ్డాయి.

"ఏమయ్యా పైడంనాయుడూ, నేను కీటకాల గురించి ఆవేదన చెందుతుంటే ఆ గోకుడేమిటి?"

"పేలండి."

గదిలో అందరూ కుర్చీలు కొంచెం వెనక్కి జరుపుకున్నారు. డైరెక్టరు గారు మాత్రం ముందుకు వంగారు. "పేను కీటకమేనా?"

"అచ్చమైన కీటకమండి" అన్నాడు కుసుమహర గారు. అతని కళ్ళు మెరిశాయి. "ఆరు కాళ్ళు. రెక్కల్లేవు. దీని సంగతే వేరండి. వానతో పనిలేదు, ఎత్తుతో పనిలేదు, ఉప్పుగాలి లెక్కే లేదు. కొండమీదైనా ఒడ్డునైనా దానికి ఒకటే వాతావరణం. మనిషి తలలో వెచ్చదనం మారదు కదండీ!"

"పెసర్లరేవులో పేల పరిస్థితి?"

ఒకరు కాగితం తీసి చదివారు. "శూన్యం అండి. అక్కడి ప్రధానోపాధ్యాయిని సత్యవేణి గారు పిల్లల తలలు, పిల్లల తల్లుల తలలు, ఆఖరికి బడికి కూరగాయలు తెచ్చే ఆవిడ తల కూడా దువ్వించి మండలాన్ని పేల రహితం చేశారు. కలెక్టరు గారు శాలువా కప్పారండి."

"లోటు!" అంటూ డైరెక్టరు గారు బల్ల గుద్దారు. "స్పష్టమైన లోటు! దుప్పిగెడ్డ పేనును వెంటనే పెసర్లరేవుకు బదిలీ చేయండి. ఆవాస సమేతంగా!"

పైడంనాయుడి చేతులు తలమీదే ఆగిపోయాయి. "అయ్యా, మరి మనుషుల బదిలీల మీద నిషేధం..."

"మనిషెవడయ్యా ఇక్కడ? వెళ్తున్నది పేను. నువ్వు ఆవాసానివి."

ఉద్యోగంలో చేరాక పైడంనాయుణ్ణి ఎవరూ అంత గౌరవంగా పిలవలేదు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. చివర్లో ఒక షరతు కూడా రాశారు: నెలతిరిగాక తనిఖీ జరుగును. పేను లేనిచో ఆవాసము తిరిగి దుప్పిగెడ్డకు చేరవలెను.

ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు, నెత్తిన తువ్వాలుతో పైడంనాయుడు పెసర్లరేవు ఇంటి గుమ్మంలో దిగాడు. సత్యవేణి పరుగున వచ్చింది. సగంలో ఆగింది. మొగుడు తువ్వాలు మీంచే గోక్కోవడం చూసింది. ఆవిడ కంటికి ఆ గోకుడు ఏ రకమో చెప్పనక్కర్లేదు.

"ఆగండక్కడ! గడప దాటకండి. తలమీదేటది?"

"మన బదిలీ ఆర్డరే."

విషయమంతా విన్నాక ఆవిడ తలుపుకు ఆనుకుని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత మొహం గట్టిపడింది. "నా మండలంలోకి పేలా! శాలువా ఇంకా మడత విప్పలేదండి నేను. కూకోండి, దువ్వీస్తాను."

"దువ్వితే కొండెక్కీయాల. నీ ఇష్టం."

అలా ఒకే ఇంట్లో కొండొకటి, ఒడ్డొకటి అయ్యాయి. ఆయన అరుగుమీద పడుకున్నాడు, ఆవిడ లోపల. ఆయన కంచం అరుగుమీదికి వచ్చేది, ఆయన తువ్వాలు విడిగా ఉడికేది. ఆవిడ బడికి వెళ్తూ దూరంగా నిలబడి "ఎళ్ళొస్తాను" అనేది, ఈయన తల ఊపబోయి, పేలు రాలతాయేమోనని ఆపుకునేవాడు. ఎర్రమ్మ దారిన పోతూ చూసి, "ఏటి టీచరమ్మా, మొగుడొచ్చినాడంటే దారిన పోయీవోణ్ణి కూకోబెట్టినట్టు అరుగుమీద కూకోబెట్టినావు?" అని నవ్వింది.

నెల ముగియవచ్చిన రోజుల్లో ఒక ఆదివారం సాయంత్రం, సముద్రం మీంచి చల్లగాలి తిరిగినప్పుడు, పైడంనాయుడు అరుగుమీద కూర్చుని గోక్కుంటున్నాడు. సత్యవేణి గుమ్మంలోంచి చూస్తోంది. ఎదురుగా పేలతల, చేతిలో పేలదువ్వెన, మనసులో ఇరవై ఏళ్ళ మాటలు. ఆవిడ ఎంతసేపని నిగ్రహించుకుంటుంది!

"ఒక్క దువ్వు. పైపైన" అంటూ వెనక పీట వేసుకుని కూర్చుంది.

ఒక్క దువ్వు ఇంకో దువ్వయింది. ఆయన తలను ఒళ్ళోకి వాల్చుకుని పాయ తీసి చూస్తూ, ఆవిడ తాను పడ్డ జ్వరం గురించి చెప్పింది. వానకి కూలిన వంటింటి గోడ గురించి చెప్పింది. ఆయన కొండమీద గెడ్డ పొంగి రోజుల తరబడి బస్సు రాకపోతే తనకు తోచిన ఊసులు చెప్పాడు. ఫోన్లో చెప్పుకోవడానికి చాలని చిన్నచిన్న మాటలన్నీ బయటికొచ్చాయి. సరిగ్గా కనబడక ఆవిడ మొహం దగ్గరకు వంచింది, వంచి అలాగే ఉండిపోయింది. చీకటి పడేసరికి పైడంనాయుడి తల నున్నగా, నిర్మలంగా, ఒక్క పురుగు లేకుండా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ.

"ఓలమ్మో, ఏటి చేసీసినాను!" అంది సత్యవేణి.

"ఏటుందిలే. ఎలిపోతాను" అన్నాడాయన. "ఈ సాయంత్రం చాలు. మళ్ళీ కొన్నాళ్ళు బతికీగలను."

తనిఖీకి డైరెక్టరు గారే వచ్చారు, భూతద్దంతో, కుసుమహర గారితో. పైడంనాయుణ్ణి బడి వరండాలో బల్లమీద కూర్చోబెట్టి తల నలుమూలలా వెతికారు. "శూన్యం!" అన్నారు డైరెక్టరు గారు నీరసంగా. "ఆవాసమును వెనుకకు పంపవలెను."

"అయ్యా, ఒక్క నిమిషం." సత్యవేణి ముందుకొచ్చింది. పొద్దుటి నుంచీ ఆవిడ తలకు గట్టిగా గుడ్డ చుట్టుకుని ఉంది. దాన్ని విప్పి, జడ విప్పి, శాలువా కప్పించుకున్న ఆ తలను భూతద్దం ముందు వంచింది. "ఇక్కడ చూడండి."

కుసుమహర గారు చూశాడు. "ఆహా! ఈపులు! పిల్లలు! తల్లులు! మూడు తరాలున్నాయండి! దిగ్విజయంగా స్థిరపడ్డాయి!"

డైరెక్టరు గారి ఛాతీ పొంగింది. మరుక్షణం బుర్ర పనిచేసింది. "అయితే ఆవాసం మారింది. ఇకనుంచి ఆవాసం మీరు. ఇతని అవసరం తీరింది. ఇతన్ని పంపించేయవచ్చు."

పైడంనాయుడి మొహం వాడిపోయింది. సత్యవేణి మాత్రం జడ అల్లుకుంటూ తాపీగా అంది.

"పంపండి సార్. ఇవి ఆయన తలలోంచి నా తలలోకి ఎలాగొచ్చాయో శాస్త్రవేత్త గారిని అడిగి మరీ పంపండి."

"తలా తలా ఆనితేనే వస్తాయండి" అన్నాడు కుసుమహర గారు. "ఎగరలేవు, దూకలేవు. దగ్గరతనమే వాటికి ప్రధానమైన పర్యావరణ కారకం."

"విన్నారు గదా! ఆయన్ని పంపిన సాయంత్రమే నేను దువ్వెన పట్టుకుంటాను. నా చేతి దువ్వు ఎలాంటిదో మీ కాగితంలోనే ఉంది. తెల్లారేసరికి మీ పటం మళ్ళీ తెల్లబడిపోతాది."

డైరెక్టరు గారు ఆవిడ మొహంలోకి చూశారు. ఆ మొహంలో తమాషా లేదు. ఇన్ని లారీలు, ఇన్ని చెట్లు, ఇంత వాన ఖర్చయ్యాక జిల్లా మొత్తంలో కుదురుకున్న ఒకే ఒక్క కీటకం ఈవిడ దువ్వెన దయమీద ఉంది. ఆయన గొంతు సవరించుకుని అక్కడికక్కడే రాయించారు.

'పెసర్లరేవు మండలమున కీటక సమతుల్యత సాధించబడినది. సదరు కీటక సంతతి మనుగడ దృష్ట్యా ఉభయ ఆవాసములను ఏ కారణము చేతనూ, ఏ ప్రభుత్వము మారిననూ, పదవీ విరమణ పర్యంతము విడదీయరాదు.'

ఆ సాయంత్రం జీపు దుమ్ము అణిగాక సత్యవేణి అరుగుమీద పీట వేసుకుంది. ఈసారి దువ్వెన పైడంనాయుడి చేతిలో ఉంది. ఆవిడ జడ విప్పి ఆయన మోకాళ్ళ ముందు కూర్చుంది.

"అన్నీ దువ్వీసీకండి. తనిఖీ అంటూ మళ్ళీ వొస్తే కావాల. ఒకటి ఒగ్గీండి, సర్కారుది."

పైడంనాయుడు పాయ విడదీసి, వెలుతురుకు వంచి, నెమ్మదిగా వెతికాడు.

"ఒకటి కాదే" అన్నాడు. "రెండు ఒగ్గీస్తాను. పాపం, అవి మాత్రం ఆలుమగలు ఒక్క చోట ఉండొద్దేటి?"